నాన్నగారికి నాలుగో దశ క్యాన్సర్: డాక్టరును ఏమని అడగాలి?

ప్రశ్న (ఖమ్మం జిల్లా నుంచి)

మా నాన్నగారికి 68 ఏళ్లు. క్లోమంలో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకిందని నాలుగు నెలల క్రితం తేలింది. కామెర్లకు స్టెంట్ వేసి, ఆరు విడతల కీమో ఇచ్చినా, గత వారం తీసిన స్కాన్‌లో కాలేయంలోని గడ్డలు పెరిగినట్టు కనిపించింది. పెద్ద డాక్టరు గారు ‘మందు మార్చి చూద్దాం’ అన్నారు. దానివల్ల ఎంత మేలు జరుగుతుందని అడిగేలోపే తరువాతి రోగిని పిలిచారు. నాన్నగారు కడుపులో లేచి వీపులోకి పాకే నొప్పితో రాత్రంతా ముందుకు వంగి కూర్చునే ఉంటున్నారు. ట్రమడాల్ పని చేయడం లేదు. నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు మార్ఫిన్ గురించి అడిగితే డ్యూటీ డాక్టరు ‘అది ఆఖరి రోజులకండీ’ అన్నారు. నాన్నగారికి మాత్రం లివర్‌లో ఇన్‌ఫెక్షన్ అనే చెప్పాం. చికిత్స ఆపితే చేతులారా వదిలేసినట్టేనని అమెరికాలో ఉన్న తమ్ముడు అంటున్నాడు. నాకు ఏమీ పాలుపోవడం లేదు.

జవాబు (నొప్పి, బాధ తగ్గించే ఉపశమన చికిత్స విభాగంలో నర్సు)

మార్ఫిన్ ఇవ్వాలో వద్దో తేల్చేది నొప్పి తీవ్రతే కాని, మిగిలిన రోజుల లెక్క కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ఈ పద్ధతిని సూచించింది. మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కారణంగా ఆసుపత్రులు చాలాకాలం జంకేవి. 2014 సవరణతో గుర్తింపు పొందిన సంస్థలకు ఈ మందు ఉంచుకోవడం సులువైంది. మామూలు మాత్రలైతే నొప్పి వచ్చాక కాకుండా, నాలుగు గంటలకోసారి వేళ తప్పకుండా ఇస్తారు. మోతాదు డాక్టరే నిర్ణయించాలి. మొదటి రోజుల మగత, వాంతి సాధారణంగా తగ్గిపోతాయి కాని మలబద్ధకం తగ్గదు, కనుక విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే రాయించుకోండి. ముందుకు వంగితే ఉపశమనం కలగడం క్లోమం నొప్పి లక్షణం; దానికి నరాల దగ్గర ఇంజెక్షన్ చేసే పద్ధతి కూడా ఉంది, అడగండి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది. తెలంగాణలో పలు జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘ఆలన’ పేరుతో ఇదే సేవ అందుతోంది, ఇంటికి వచ్చే బృందాలు కూడా ఉన్నాయి. కీమో సాగుతుండగానే వీరిని కలవవచ్చు.

జవాబు (అమ్మను చూసుకున్న కూతురు)

నేను ఓపీ చివర్లో టోకెన్ తీసుకుని, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లేదాన్ని. ఈ మందు జబ్బును తగ్గిస్తుందా, కొన్నాళ్లు ఆపుతుందా? జబ్బును ఆపితే, ఆ రోజుల్లో ఎన్ని ఆసుపత్రి మంచం మీదే గడుస్తాయి? వేయించుకోకపోతే వచ్చే నెలలో ఏమేం జరగవచ్చు, అర్ధరాత్రి జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి? అన్నిటికన్నా ఈ చివరి ప్రశ్నే మాకు పనికొచ్చింది. మీ తమ్ముడిని కూడా ఆ సమయానికి ఫోన్‌లో ఉంచండి; మీరు చెబితే నమ్మనిది డాక్టరు నోట వింటే నమ్ముతాడు.

మేమూ అమ్మకు ఇన్‌ఫెక్షన్ అనే చెప్పాం. ఆసుపత్రి బోర్డు మీద ఆ జబ్బు పేరు అంతంత అక్షరాలతో ఉంటే ఆమె చదవలేదని ఎలా అనుకున్నామో! మా కోసం ఆమె, ఆమె కోసం మేము ఆరు నెలలు నటించాం. జబ్బు పేరు మీరై చెప్పనక్కరలేదు, ‘మీకేమనిపిస్తోంది నాన్నా’ అని అడిగి ఊరుకోండి.

జవాబు (న్యాయవాది)

జబ్బు సంగతి నాన్నగారికి తెలియాలనడానికి కారణం ఇంకొకటి ఉంది. వెంటిలేటర్ వద్దనుకునే వ్యక్తి ముందుగానే రాసి ఉంచే పత్రాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో ఆ విధానాన్ని సరళం చేసింది. ఇద్దరు సాక్షులతో, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట సంతకం చేస్తే చాలు. అయితే అది ఆయన స్పృహలో ఉండి, తెలిసి చేయాల్సిన సంతకం. బిడ్డలు చేసేది కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అక్కయ్య గారు చెప్పినట్టే అడిగాను. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘మిరప కోతలప్పటికి ఇంటికాడ ఉంటానా లేదా, అది అడుగు ఆ డాక్టర్ని’ అన్నారు. సోమవారం తీసుకెళ్లే కాగితంలో ఆ ప్రశ్నే మొదట రాసుకున్నాను.