అద్దె కట్టకుండా బ్యాంక్రప్సీ వేశారు, ఖాళీ చేయించడం ఎలా?

ప్రశ్న:
అమెరికాలో ఇల్లు అద్దెకిచ్చిన వాళ్ళెవరైనా కాస్త దారి చూపించండి. పొద్దుటి నుంచి ఇదే పని, బుర్ర పనిచేయడం లేదు. అద్దెకున్నాయన నాలుగు నెలలుగా పైసా ఇవ్వలేదు. ఇప్పుడు బ్యాంక్రప్సీ (దివాలా పిటిషన్) వేశాడు, దాంతో కోర్టు స్టే వచ్చి అంతా ఆగిపోయింది. మార్ట్‌గేజ్ మాత్రం నేనే కట్టుకుంటున్నాను. ఆ స్టే ఎత్తేయమని కోర్టును అడిగే 'రిలీఫ్ ఫ్రమ్ స్టే' మోషన్ లాయర్ లేకుండా నేనే వేసుకోవచ్చా? నిన్న ఆయనకు మెసేజ్ కూడా పెట్టాను, డబ్బు కట్టకపోతే సామాను బయట పెడతానని.

జవాబు 1:
ఇల్లు మీకు అప్పగించమని కోర్టు ఇచ్చే పొసెషన్ జడ్జిమెంట్ వచ్చిందా? ఏ తేదీ? ఆయన బ్యాంక్రప్సీ వేసింది ఏ తేదీ? చాప్టర్ 7నా (ఆస్తులమ్మి అప్పులు తీర్చేది), 13నా (వాయిదాల్లో కట్టేది)?

జవాబు 2:
ముందు ఆ మెసేజ్‌లు ఆపండి బాబూ. పిటిషన్ పడిన క్షణం నుంచి పాత బాకీ అడగడం, బెదిరించడం అన్నీ బంద్. తెలిసి స్టే దాటితే బ్యాంక్రప్సీ చట్టం సెక్షన్ 362(కె) కింద నష్టపరిహారం, ఆయన లాయర్ ఫీజు మీ నెత్తినే పడతాయి. తాళం మార్చడం, కరెంటు తీయించడం లాంటివి అసలు తలపెట్టకండి. న్యాయం మన వైపున్నా ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

జవాబు 3:
ఈ స్టేని మొరటోరియం అనాలి కదా?

జవాబు 2:
కాదండీ. ఇండియాలో కంపెనీ దివాలాకి ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ కేసుల ట్రిబ్యునల్) ఆర్డరిస్తే వచ్చేది మొరటోరియం. ఇక్కడ పిటిషన్ పడగానే దానంతటదే వస్తుంది, అందుకే ఆటోమేటిక్ స్టే.

జవాబు 3:
పేరేదైనా అప్పిచ్చినవాడి చేతులు కట్టేయడమేగా.

ప్రశ్న వేసినవారు:
జడ్జిమెంట్ 9న వచ్చింది, ఆయన 12న వేశాడు. చాప్టర్ 13. ఇల్లు మా ఎల్ఎల్‌సీ (కంపెనీ) పేరు మీద ఉంది.

జవాబు 1:
ఇవి ముందే చెప్పాల్సింది. ఎల్ఎల్‌సీ తరఫున లాయరే రావాలి, మీరు వేయలేరు.
జడ్జిమెంట్ ముందే వచ్చింది కాబట్టి అలాంటి కేసులకు మినహాయింపు ఇచ్చే సెక్షన్ 362(బి)(22) చూపించండి, ఖాళీ చేయించడానికి స్టే అడ్డు రాకపోవచ్చు. అయితే ఆయన బాకీ తీర్చే హక్కు రాష్ట్ర చట్టంలో ఉందని పిటిషన్‌తో పాటు రాసిచ్చి, రాబోయే 30 రోజుల అద్దె క్లర్క్ దగ్గర జమ చేస్తే ఆ 30 రోజులూ ఆగాలి. ఆలోపు పాత బాకీ మొత్తం కట్టాలి. జమ చేశాడో లేదో కేసు డాకెట్‌లో (కోర్టు రికార్డుల జాబితాలో) చూడండి.

జవాబు 4:
మోషన్ వేయాల్సివస్తే కారణం చూపాలి. పిటిషన్ తర్వాతి అద్దె కూడా ఎగ్గొట్టడం బలమైన కారణం. ఆ నెలల లెక్క విడిగా రాసిపెట్టుకోండి. స్టే ఎత్తేసినా, జడ్జి వేరేలా చెప్పకపోతే ఆర్డరు అమలుకు 14 రోజులు పడుతుంది. పాత బాకీకి ప్రూఫ్ ఆఫ్ క్లెయిమ్ (రావాల్సిన బాకీ చూపే ఫారం) వేరే, పిటిషన్ పడిన 70 రోజుల్లోపు వేయాలి.

ప్రశ్న వేసినవారు:
థాంక్స్ అండీ. డాకెట్‌లో డిపాజిట్ కనిపించలేదు. రేపు లాయర్‌తో మాట్లాడతాను.

జవాబు 5:
మాదీ చాప్టర్ 13 కేసే, కానీ మేమిచ్చిన కారు లోన్. హామీ సంతకం పెట్టిన బావగారిని బాకీ కట్టమని అడగొచ్చా, ఆయనకీ స్టే వర్తిస్తుందా?