దూఖస్: ఈ ఐరిష్ మాటకు తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. ఒక మాట విషయంలో మీ సాయం కావాలి.

నేను ఐర్లండ్‌లో గాల్వేలో ఉంటున్నాను. ఏడాదిగా శనివారాలు ఐరిష్ క్లాసుకి వెళ్తున్నాను. మా క్లాసులో అమెరికా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు. వాళ్ళ పూర్వీకులు క్లేర్ కౌంటీ వాళ్ళు. పోయిన వారం ఆవిడ 1911 జనాభా లెక్కల కాగితం ప్రింటు తీసి తెచ్చారు. అందులో ఐరిష్ భాషకని ఒక గడి ఉంటుంది. ముత్తాత, ముత్తవ్వ పేర్ల ఎదుట 'ఐరిష్, ఇంగ్లీష్' అని రాసి ఉంది. పిల్లల పేర్ల ఎదుట ఏమీ లేదు. ఐరిష్ రానివాళ్ళకు ఆ గడి ఖాళీగా వదిలేయమని ఫారం మీదే సూచన ఉంది. ఒక్క పొయ్యి దగ్గర అన్నం తిన్న మనుషుల మధ్యే భాష తెగిపోయింది. డెబ్బై ఏళ్ళ వయసులో ఆవిడ క్రియలు బట్టీ పడుతున్నది ఆ ఖాళీ గడి కోసమే.

ఆవిడ నన్ను అడిగారు: "దూఖస్‌ని మీ భాషలో ఏమంటారు?" 'వారసత్వం' అనేశాను. ఇంటికొచ్చాక మనసు ఒప్పుకోలేదు.

ఎందుకంటే వారసత్వానికి ఐరిష్‌లో వేరే మాటే ఉంది, 'ఐరఖ్త్'. వారసుడు అనే మాటలోంచి పుట్టింది. తాత పొలం, అమ్మమ్మ నగ, పాత కోట అన్నీ అందులోకి వస్తాయి. దూఖస్ అలా చేతులు మారేది కాదు. పుట్టిన చోటు, పుట్టిన వంశం, పుట్టుకతో వచ్చిన గుణం, ఈ మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. మాతృభాషను 'త్యంగ ఘూఖిష్' అంటారు. పుట్టు భాషగా ఐరిష్ మాట్లాడేవాళ్ళు 'కైంతోర్ దూఖిష్'. ఎవరికైనా పాట దానంతటదే వచ్చేస్తే 'అది వాడి దూఖస్‌లోనే ఉంది' అంటారు.

ఒక చోట దూ, ఇంకో చోట ఘూ ఏమిటని అడుగుతారేమో. ముందున్న మాటను బట్టి తర్వాతి మాట మొదటి హల్లు మెత్తబడుతుంది. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అయినట్టే. వాళ్ళ నియమాలు వేరు, చుట్టరికమేమీ లేదు. కానీ క్లాసులో మిగతావాళ్ళు దీనికి తల పట్టుకుంటే నాకు మాత్రం గసడదవాదేశం గుర్తొచ్చి ఎంత సంతోషమేసిందో! ఇంకోటి, వాళ్ళకీ 'కలిగి ఉండు' అనే క్రియ లేదు. 'పుస్తకం నా దగ్గర ఉంది' అనే అంటారు. 'తిన్నావా?' అంటే అవును, కాదు అనరు. 'తిన్నాను' అనే అంటారు.

ఈ మాట మీద ఒక సామెత కూడా ఉంది: 'బ్రిషన్ అన్ దూఖస్ త్రీ హూలె అన్ ఖత్.' పిల్లి కళ్ళలోంచి దాని దూఖస్ బయటపడుతుందని. కొవ్వొత్తి పట్టుకుని నిలబడేలా పిల్లికి శిక్షణ ఇస్తే, ఎలుక కనబడగానే కొవ్వొత్తి పారేసి దూకిందనే కథ చెబుతారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మనమూ అంటాం కదా.

మరి ఈ మూడు అర్థాలూ మోసే తెలుగు మాట ఏది?

స్పందన: ఈ మాట పలుకులో 'దుఃఖం' వినబడుతోంది! ఏమైనా సంబంధం ఉందా అండీ?

జవాబు: లేదండీ, చెవికి తగిలిన పోలిక మాత్రమే. ఆ 'ఖ' ఉర్దూ 'ఖబర్'లో ఖ లాంటిది. 'ద' మాత్రం అచ్చంగా మన 'ద'నే, ఇంగ్లీషు వాళ్ళ 'డ' కాదు. ఆ ఒక్క అక్షరం దగ్గర మా టీచర్ నన్ను మెచ్చుకున్నారు.

స్పందన: 'నైజం' సరిపోదా? లేదా 'సహజం'? సహజం అంటేనే కూడా పుట్టింది అని.

జవాబు: పిల్లి సామెతకి నైజం చక్కగా అతుకుతుంది, సార్. కానీ 'మా నైజం క్లేర్ కౌంటీ' అనలేం. చోటు జారిపోతోంది.

స్పందన: అన్నా, నాదొక సందేహం. ఈ మధ్య ఎంతోమంది డీఎన్‌ఏ టెస్టు చేయించుకుని 'నేను ఇంత శాతం కెల్టిక్' అంటున్నారు. చెట్ల పూజ, చెట్ల పేర్లతో 13 నెలల కెల్టిక్ క్యాలెండర్ అని పోస్టులు పెడుతున్నారు. దూఖస్ అంటే అదేనా?

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ. కెల్టిక్ అనేది ముందు భాషా కుటుంబం పేరు. ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్, వెల్ష్, కార్నిష్, బ్రెటన్ ఒక కుటుంబమని 1707లో వేల్స్ పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ చూపించాడు. తెలుగు దక్షిణాది భాషల కుటుంబానిదని 1816లో మద్రాసులోని ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ చూపించినట్టు. 'ద్రావిడ' అనేది రక్తంలో శాతంగా తేలదు, ఇదీ అంతే. ఇక ఆ 13 నెలల క్యాలెండర్ 1948లో ఒక ఇంగ్లీషు కవి అల్లినది, ప్రాచీనం కాదు. ఐరిష్ వాళ్ళ పాత లిపి ఓగమ్‌లో బెహ్ అనే అక్షరం పేరుకు అర్థం బర్చ్ చెట్టు, దర్ అంటే ఓక్ అన్నది నిజమే కానీ, అక్షరాల పేర్లన్నీ చెట్లవి కావు.

అయితే చెట్టు మీద భక్తి మాత్రం కల్పన కాదు. డెర్రీ ఊరి పేరే 'దొర్యె', ఓక్ తోపు. కిల్డేర్ అంటే ఓక్ చెట్టు గుడి. పవిత్ర బావుల పక్క చెట్లకి ఇప్పటికీ గుడ్డపీలికలు కడతారు. మొదటిసారి చూసినప్పుడు మా ఊరి చెట్టుకు కట్టిన ముడుపులే కళ్ళముందు మెదిలాయి. 1999లో క్లేర్ కౌంటీలో లాటూన్ దగ్గర కొత్త రోడ్డుకి ఒక ఒంటరి ముళ్ళచెట్టు అడ్డొచ్చింది. అది దేవతల చెట్టు, కొట్టొద్దని కథకుడు ఎడ్డీ లెనిహాన్ పట్టుబట్టాడు. చెట్టును ఉంచి రోడ్డు వేశారు. నన్నడిగితే క్యాలెండర్ల కన్నా ఈ చెట్టే దూఖస్‌కి దగ్గర.

రక్తం సంగతికొస్తే, దూఖస్ రక్తంలో కన్నా ఇంట్లో చెప్పుకున్న మాటల్లోనే ఉందనిపిస్తుంది నాకు. 1937–39లో ఐర్లండ్‌లో దాదాపు 5,000 బడుల పిల్లలు ఇళ్ళలో పెద్దల్ని అడిగి కథలు, వైద్యాలు, బావుల సంగతులు సుమారు 7,40,000 పేజీలు రాశారు. ఇప్పుడు అవి పెడుతున్న వెబ్‌సైట్ పేరు కూడా దూఖస్. మా క్లాసు పెద్దావిడ డీఎన్‌ఏ రిపోర్టు ఒక్కసారే చూశారట. ఆ పేజీలు మాత్రం రోజూ చదువుతున్నారు.

స్పందన: బాబూ, మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా ఇండ్లల్ల సంబంధం చూసేటప్పుడు 'కుదురు మంచిదేనా?' అని అడిగేటోళ్ళు. కుదురు అంటే వంశం, మూలం. చెట్టు మొదట్ల నీళ్ళు నిలవడానికి చేసే పాదును కూడా కుదురే అంటరు. కుండ కింద పెట్టేదీ కుదురే.

జవాబు: అమ్మా, దండాలు! నేను వారం నుంచి వెతుకుతున్నది మీ ఇంట్లో ఉంది. 'మా కుదురు క్లేర్ కౌంటీ': చోటూ వంశమూ రెండూ వచ్చేశాయి. 'కుదురు భాష' అంటే త్యంగ ఘూఖిష్‌కి మాతృభాష కన్నా దగ్గరగా ఉంది. అమ్మ ఒక్కతే కాదు, నేల కూడా వినబడుతోంది. ఆ ఖాళీ గడి ఉన్న ఇంటికి 'మాతృభాష' అన్న మాట నప్పదు కూడా, తల్లికి వచ్చిన భాష పిల్లలకి రాలేదు కాబట్టి. కుదురు భాష అంటే నప్పుతుంది. పిల్లి సామెతలో మాత్రం కుదరలేదు, అక్కడ నైజం అనే ఉంచుతాను.

ఈ శనివారం ఆవిడకి కుదురు అనే మాట రాసిస్తాను. పక్కనే చెట్టు, దాని చుట్టూ నీళ్ళు నిండిన పాదు బొమ్మ గీస్తాను. వచ్చే నెల క్లేర్ వెళ్ళి ఆ 1911 కాగితంలోని ఇంటి చోటు వెతుక్కుంటారట. వెళ్ళేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్తారేమో అడుగుతాను.