జ్వరం తగ్గాక ఆయాసం ఎందుకు వస్తుంది?

టెక్కలి మాస్టారు: 2021 మే నెలలో మా అన్నయ్యకు కోవిడ్ జ్వరం తగ్గిపోయి, అందరమూ ఊపిరి పీల్చుకున్న ఎనిమిదో రోజున ఆయాసం మొదలయింది. వైరస్ తగ్గుముఖం పట్టాక ఊపిరితిత్తులు ఎందుకు వాచాయి? ఆ వాపును శరీరం తనంతట తాను ఎలా ఆపుకుంటుంది?

రాజాం రైతు: మా నాన్నగారికి రెండో రోజునే, రక్తంలో ఆక్సిజన్ 97 శాతం ఉండగానే, స్టెరాయిడ్ ఇచ్చారు. చక్కెర 400 దాటింది, ఆపైన బ్లాక్ ఫంగస్ సోకి ఒక కన్ను పోయింది. వాపు తగ్గించే మందు అంటే నాకు నేటికీ భయమే.

పార్వతీపురం వాసి: మందును నిందించకండి. మా అమ్మ ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్లనే బతికింది.

రాజాం రైతు: మీ అమ్మగారు బతికినందుకు సంతోషం. మా నాన్నగారి కన్ను సంగతి ఎవరు చెబుతారు?

బొబ్బిలి నర్సు: ఇరవై రెండేళ్లు ఐసీయూలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, మీరిద్దరూ ఒకే మందును రెండు వేర్వేరు దశలలో చూశారు. బ్రిటన్‌లో కోవిడ్ రోగులపై జరిగిన ‘రికవరీ’ అనే మందుల పరీక్షలో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్‌పై ఉన్నవారి మరణాలను సుమారు మూడో వంతు, ఆక్సిజన్ మాత్రమే పెట్టినవారి మరణాలను ఐదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనిపించలేదు. తొలి రోజుల్లో వైరస్‌తో పోరాడవలసిన రోగనిరోధక శక్తిని అణచకూడదు.

రాజాం రైతు: ఆ ఫలితం 2020 జూన్‌లోనే వచ్చింది కదా! ఏడాది తరువాత కూడా మాకు ఎందుకు అందలేదు?

సాలూరు విద్యార్థిని: మాస్టారి ప్రశ్నను అందరూ వదిలేశారు. వైరస్ తగ్గినా, దానిపైకి వచ్చిన న్యూట్రోఫిల్ వంటి తెల్ల రక్తకణాలు, అవి విడుదల చేసిన రసాయనాలు వెంటనే పోవు; రక్తనాళాల నుంచి నీరు ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి తిత్తులైన వాయుగోణుల్లోకి చేరి ఆక్సిజన్‌కు అడ్డుపడుతుంది. అక్కడే కాపురముండే మాక్రోఫేజ్ కణాలు చచ్చిన కణాలను మింగి శుభ్రం చేస్తాయి. రోగనిరోధక దాడిని అదుపు చేసే నియంత్రక టి కణాలు ఐఎల్-10 అనే సంకేత ప్రొటీన్‌తో దాడిని చల్లార్చి, యాంఫిరెగ్యులిన్ అనే ప్రొటీన్‌తో గాయపడిన పొర మరమ్మతుకు తోడ్పడతాయి. 2025 వైద్య నోబెల్ బహుమతి ఈ టి కణాల పరిశోధనకే, సకాగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకు దక్కింది.

పార్వతీపురం వాసి: అయితే ఆ కణాలను పెంచే కషాయం ఏదైనా ఉందా?

బొబ్బిలి నర్సు: కషాయం కోసం ఆగి, ఆక్సిజన్ 80కి పడిపోయాక వచ్చినవారిని నేను చూశాను. వేలికి ఆక్సీమీటర్ పెట్టండి, 94 కంటే తగ్గితే ఆసుపత్రికి బయలుదేరండి.

టెక్కలి మాస్టారు: అమ్మా, ఆ మరమ్మతు సగంలో ఆగితే మచ్చలు మిగులుతాయా? అన్నయ్య ఇప్పటికీ శాలిహుండం కొండ ఒక్కసారిగా ఎక్కలేకపోతున్నారు.

సాలూరు విద్యార్థిని: మిగలవచ్చునండీ. సీటీ స్కాన్‌తో పాటు ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష కూడా చేయించండి.