మా వీధి జపనీస్ హోటల్‌కి శాకాహారి అమ్మను తీసుకెళ్లాలి, సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. టోక్యోలో నిషి కసాయిలో ఉంటున్నాను. వచ్చే నెల అమ్మ వస్తోంది. చేప, గుడ్డు ముట్టదు. మా సందు చివర వయసు మళ్లిన భార్యాభర్తలు నడిపే చిన్న ఇజకాయా (మందూ, చిన్న చిన్న వంటకాలూ దొరికే హోటల్) ఉంది. ఎనిమిది కుర్చీలు, గోడ నిండా చేతిరాత మెనూ కాగితాలు. నాకు జ్వరం వచ్చినప్పుడు ఆ పెద్దావిడ అన్నం జావలా కాచి పెట్టింది. అమ్మను ఒక్కసారైనా అక్కడ కూర్చోబెట్టాలని నా కోరిక.

టెన్షన్ అంతా దాషీతోనే, అంటే జపనీస్ వంటలకు ఆధారమైన రసంతోనే. మిసో సూప్, ఉడోన్ నూడుల్స్, చల్లని సోబా నూడుల్స్ ముంచుకునే పులుసు, అన్నిట్లోనూ మామూలుగా ఎండు చేప రసమే. మొన్న టోఫూయే కదా అని అగెదాషి (పులుసులో వేసిచ్చే వేయించిన టోఫూ) చెప్పాను. పైన కత్సువోబుషి అనే ఎండు చేప రేకులు వేడికి ప్రాణమున్నట్టు కదులుతున్నాయి, అడుగున పులుసూ దానితో చేసిందే. ‘మాంసం వద్దు’ అంటే ఇక్కడ చేప వద్దని అర్థం కాదు. కూర్చోగానే అడక్కుండా పెట్టి బిల్లులో వేసే ఒతోషి అనే చిన్న వంటకంలోనూ చేప ఉండొచ్చు.

ఎడమామే (ఉడికించిన పచ్చి సోయా కాయలు), కీరా పెట్టిన కప్పా మాకి సుషీ, తెల్లన్నం వరకు నాకు తోచాయి. అంతదూరం నుంచి వచ్చిన మనిషికి అవేనా పెట్టడం?

రెండు రోజుల ముందే వెళ్లి, ఎండు చేప బదులు కొంబు అనే సముద్రపు నాచుతో దాషీ కాచమని అడిగితే మర్యాదగానే ఉంటుందా? వాళ్లు నొచ్చుకోకుండా జపనీస్‌లో ఏమని చెప్పాలి? ఇలా అమ్మానాన్నలను తీసుకెళ్లినవాళ్లు ఏం తెప్పించారో కూడా చెప్పండి, ప్లీజ్.