సరఫరాదారుల లేఖలు ఉంటే రోహ్స్ నిబంధనలకు సరిపోతుందా?

ప్రశ్న:
మేము తయారు చేసిన టేబుల్ ల్యాంపును యూరోపియన్ యూనియన్‌లో మా సొంత పేరుతో అమ్మదలచాము. విడిభాగాలు ఇచ్చినవారందరూ తమ సరుకు రోహ్స్‌కు (విద్యుత్, ఎలక్ట్రానిక్ పరికరాల్లో హానికర పదార్థాలను పరిమితం చేసే యూనియన్ నిబంధనలకు) లోబడి ఉందని ఒక్కొక్క పేజీ లేఖ ఇచ్చారు. వాటిని దాచుకొని, యూనియన్ నిబంధనలకు సరిపోతుందని తెలిపే సీఈ గుర్తు వేస్తే చాలునా? ల్యాంపు మొత్తం బరువులో సోల్డర్‌లోని సీసం లెక్కలోకే రాదని ఒకరు చెప్పారు, అది నిజమేనా?

సమాధానం 1:
ఆ రెండో మాటను దయచేసి నమ్మకండి. రోహ్స్ చట్టమైన 2011/65/ఈయూ డైరెక్టివ్‌లోని పరిమితులు పరికరం మొత్తానికి కాక, యాంత్రికంగా విడదీయలేని ప్రతి సజాతీయ పదార్థానికీ విడివిడిగా వర్తిస్తాయి. వైరునే తీసుకుంటే రాగి ఒక పదార్థం, పైనున్న ప్లాస్టిక్ తొడుగు మరొకటి. పరిమితం చేసిన పది పదార్థాల్లో కాడ్మియానికి బరువులో 0.01 శాతం, మిగిలిన తొమ్మిదింటికి 0.1 శాతం పరిమితి కనుక, 37 శాతం సీసమున్న పాత సోల్డర్‌తో ఒక్క అతుకు వేసినా నిబంధన తప్పినట్లే.

ఇక లేఖల సంగతి. తేదీ, పార్ట్ నంబరు లేని లేఖకు నేను విలువ ఇవ్వను. 2015/863 సవరణతో చేరిన నాలుగు థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) మీ ల్యాంపు వంటి వాటికి 2019 జూలై 22 నుంచి వర్తిస్తున్నాయి. మీ లేఖల్లో ఆరు పదార్థాల పేర్లే ఉంటే అవి పాతవని గ్రహించండి. అయితే అన్నిటినీ ప్రయోగశాలకు పంపనక్కరలేదు. నిషిద్ధ పదార్థం ఉండే అవకాశమెంత, సరఫరాదారు ఎంత నమ్మదగినవారు అన్నవి తూచి ఏ పత్రం కావాలో నిర్ణయించమని ఈఎన్ ఐఈసీ 63000 ప్రమాణం చెబుతుంది. నేనైతే మెత్తని పీవీసీ తొడుగుకు పరీక్షా నివేదిక తప్పక అడుగుతాను. పేరున్న తయారీదారు రెసిస్టరుకు లిఖితపూర్వక ప్రకటన సరిపోతుంది.

సమాధానం 2:
పై సమాధానానికి ఒక చేర్పు. చాలామంది ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో (ఎక్స్-కిరణాలతో మూలకాలను గుర్తించేది) చూసి ఊరుకుంటారు. అది థాలేట్లను పట్టలేదు. క్రోమియం మొత్తాన్ని చూపుతుందే తప్ప అందులో రోహ్స్ పరిమితం చేసిన రూపమైన హెక్సావాలెంట్ క్రోమియం ఎంతో చెప్పలేదు. అనుమానం వచ్చినచోట ఐఈసీ 62321 శ్రేణిలోని రసాయన పరీక్షలు చేయించాలి.

సమాధానం 3:
వ్యర్థాల బాధ్యత వేరే చట్టం కిందిది, దానికి సీఈ గుర్తు సరిపోదు. విద్యుత్ పరికరాల వ్యర్థాల డైరెక్టివ్ 2012/19/ఈయూ ప్రకారం యూనియన్ మొత్తానికి ఒకే నమోదు లేదు. అమ్మే ప్రతి సభ్య దేశంలోనూ ఉత్పత్తిదారుగా నమోదై, అమ్మిన బరువును నివేదించి, సేకరణకూ రీసైక్లింగ్‌కూ డబ్బు సమకూర్చాలి. యూనియన్ బయటి నుంచి నేరుగా వినియోగదారులకు పంపితే ఆయా దేశంలో అధీకృత ప్రతినిధిని నియమించుకోవాలి. దిగుమతిదారు ద్వారా అమ్మితే ఆ బాధ్యత సాధారణంగా వారిపై పడుతుంది కనుక ఒప్పందంలో స్పష్టంగా రాయించండి. ల్యాంపుపై కొట్టివేసిన చక్రాల చెత్తబుట్ట గుర్తు ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వైరు తొడుగుకు నివేదిక అడుగుతున్నాము. ఈ సాంకేతిక పత్రాలను ఎంతకాలం ఉంచాలి?

సమాధానం 1:
ల్యాంపును మార్కెట్‌లోకి విడుదల చేసిన తరువాత పదేళ్లు. ఆ మోడల్ అమ్మకం ఆపిన రోజున పత్రాలను పారేయకండి, చివరి ల్యాంపు విడుదలైన నాటి నుంచి లెక్క వేయండి.