అంటించడమా, అతికించడమా? ప్లాస్టిక్ కారు దగ్గర వచ్చిన పేచీ

పటమట, విజయవాడ (పోస్టు పెట్టినవారు):
గ్రూపులో అందరికీ నమస్కారం. ప్లాస్టిక్ మోడల్ కార్లు తయారుచేయడం నాకు సరదా. డబ్బాలో ముక్కలన్నీ ఒక చట్రాన్ని అంటిపెట్టుకుని వస్తాయి. వాటిని కత్తిరించి, జతచేసి, రంగు వేసుకోవాలి. నేను చేసేవి ఎక్కువగా 1:24 కొలతవి, అంటే అసలు కారులో 24వ వంతు. మారుతి 800ని ఆ లెక్కకు తగ్గిస్తే 14 సెంటీమీటర్లు కూడా ఉండదు. దసరా సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు నేర్పిద్దామని, చేయాల్సిన పనులన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాస్తున్నాను. "ఇంజన్ రెండు సగాలనూ అంటించాలి" అని రాస్తే మా ఆవిడ చూసి, "అంటించడం ఏమిటి, అతికించడం కదా" అంది. నిజంగా తేడా ఉందా, లేక ఎవరి అలవాటు వాళ్లదా?

బ్రాడీపేట, గుంటూరు (రిటైర్డ్ తెలుగు మాస్టారు):
ఉందండీ, గట్టి తేడాయే. కవరుకి స్టాంపు అంటిస్తాం, గోడకి పోస్టర్ అంటిస్తాం. అడుగున ఒకటి ఉంటుంది, దాని మీదికి రెండోది వచ్చి చేరుతుంది. చేతికి మసి అంటుతుంది, పిల్లాడికి జలుబు అంటుకుంటుంది, అన్నీ ఆ వరసే. అతకడంలో ఒకదాని మీద ఒకటి ఉండదు. అంచుకు అంచు చేరి రెండూ ఒకటవ్వాలి. చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నవాణ్ని "ఎముక అతుక్కుందా?" అని అడుగుతాం. "అంటుకుందా?" అని అడిగి చూడండి, ఎక్కడ నిప్పు పడిందోనని కంగారు పడతాడు.

వేమన కూడా ఇనుము దగ్గర ఈ మాటే వాడాడు: "ఇనుము విరిగెనేని ఇనుమారు ముమ్మారు కాచి యతుకవచ్చు". పద్యం మనసు గురించే కానీ, నన్నడిగితే అందులో కమ్మరం మహా నిక్కచ్చిగా ఉంది. కమ్మరి రెండు ముక్కల మధ్య జిగురేమీ పెట్టడు. కొసలు రెండూ బాగా కాల్చి, కలిపి సమ్మెటతో కొడతాడు. ఇనుమే ఇనుమును పట్టుకుంటుంది.

పటమట:
మాస్టారూ, జిగురు పెట్టడన్నారు చూశారా, అక్కడ నాకు బల్బు వెలిగింది. మోడళ్లకు వాడే సిమెంట్ పేరుకే గమ్. పల్చటి రకం అచ్చం నీళ్లలా ఉంటుంది. అందులో ఉండేవి అసిటోన్, బ్యూటైల్ అసిటేట్ లాంటి ద్రావకాలు. అవి ఈ ముక్కల ప్లాస్టిక్‌ను, అంటే పాలిస్టైరీన్‌ను కరిగిస్తాయి. ఇంజన్ సగాలు రెండూ వేళ్లతో కలిపి పట్టుకుని, సిమెంట్‌లో ముంచిన బ్రష్ కొనను గీత దగ్గర ఒకచోట తాకిస్తే చాలు, ఆ చుక్క గీత పొడవునా తనంతట తానే పాకిపోతుంది. కాసేపాగి మెల్లగా నొక్కాలి. మెత్తబడ్డ ప్లాస్టిక్ వెంట్రుకంత సన్నని గట్టులా పైకి ఉబుకుతుంది. అలా ఉబికిందంటే లోపల పట్టినట్టే. మర్నాటిదాకా కదపకుండా ఉంచి, ఆ గట్టును బ్లేడుతో గీకి, ముందు 400, తర్వాత 600 నంబరు వాటర్ పేపర్ తడిపి రుద్దితే గీత మాయం. ద్రావకం ఎగిరిపోతుంది, మధ్యలో మిగిలేది ప్లాస్టిక్కే. మా ఆవిడ గెలిచింది.

అయితే కారు ముందుండే అద్దం దగ్గర ఈ సిమెంట్ పనికిరాదు. అదీ ప్లాస్టిక్కే కాబట్టి కరిగి మచ్చ పడుతుంది. సూపర్ గ్లూ పెడితే దాని ఆవిరికి అద్దం పొగ పట్టినట్టు తెల్లబడుతుంది. అందుకే చెక్కపనికి వాడే తెల్ల గమ్ సన్నగా రాస్తాం. ఆరాక కనబడదు, అవసరమైతే ఊడదీయొచ్చు కూడా. మరి దీన్ని అంటించడం అనొచ్చా?

బ్రాడీపేట:
నిక్షేపంగా. ఊడదీయొచ్చు అన్నారంటేనే అది అంటింపు.

అరండల్‌పేట, గుంటూరు:
మాస్టారూ, అడ్డుపడుతున్నానని అనుకోకండి. అంటు మామిడి సంగతేమిటి? అంటు కడితే రెండు కొమ్మలూ కలిసి ఒకే చెట్టవుతాయి. కింద పోసిన నీళ్లు పైన కాయదాకా వెళ్తాయి. ఇంతకు మించిన అతుకు ఎక్కడుంది? మరి "అతుకు మామిడి" అనరేం?

బ్రాడీపేట:
అమ్మా, మంచి చోటే పట్టుకున్నారు. కానీ ఆ చెట్టు మొదట్లో ఒకసారి చూడండి. అంటు కట్టిన చోటుకు కింద నాటు మామిడి ఎప్పటికీ నాటు మామిడే. అక్కడినుంచి చిగురొస్తే నాటు చిగురే వస్తుంది. బంగినపల్లి అంతా పైనే. కలిసి బతుకుతాయి గానీ ఒకటి కావు. ఆధారం ఒకటి, దాని మీద చేరింది ఇంకొకటి. అంటు అన్నవాడు తోటపని తెలిసే అన్నాడు.

అరండల్‌పేట:
బాగానే దాటేశారు! ఇంకోటి అడుగుతాను. మెచ్చుకోవాలంటే "అతికినట్టు సరిపోయింది" అంటాం. తిట్టాలంటే "అతుకుల బొంత" అంటాం. ఒకే మాటకు ఇంత తేడా ఎలా వచ్చింది?

ఆటోనగర్, విజయవాడ:
దానికి నేను చెప్తాను మేడమ్. మా షెడ్డుకు వచ్చి చూస్తే తెలిసిపోతుంది. గుద్దిన బండికి కొత్త ముక్క వేసి వెల్డింగ్ చేస్తాం, గ్రైండింగ్ పట్టి, పుట్టీ పెట్టి, రుద్ది, ప్రైమర్ కొట్టి, రంగు కలిపి వేస్తాం. ఓనరు వచ్చి డోరు మీద చెయ్యి వేసి అటూ ఇటూ నిమురుతాడు. వేలికి ఏమీ తగలకపోతే అతికినట్టుంది. తగిలిందా, బొంతే. అతుకు అదే, దొరికిపోయిందా లేదా అన్నదే లెక్క.

పటమటన్నా, ఒక మాట. పిల్లలతో ఎనామెల్ రంగు వేయించి, దాని మీద మేం థిన్నర్ కలిపి కొట్టే లాకర్ రంగు కొట్టించకండి. కింద పొర లేచి ముడతలు పడుతుంది. లాకర్ మీద ఎనామెల్ అయితే ఫర్లేదు. మావాళ్లు ఇప్పటికీ ఏ స్ప్రే పనినైనా "డ్యూకో" అనేస్తారు. అది అమెరికాలో డ్యూపాంట్ వాళ్ల లాకర్ రంగు పేరు, 1923లో జనరల్ మోటార్స్ బండ్ల మీదికి వచ్చింది. ఆ రంగు పోయి ఎన్నాళ్లయినా పేరు మాత్రం షెడ్లలో ఉండిపోయింది.

ఇబ్రహీంపట్నం:
పుట్టీ అంటున్నారు. ఇల్లు పెయింట్ చేసేవాళ్ల లప్పం ఉండనే ఉంది కదా. మా పక్కనే కొండపల్లిలో ఇంకా మంచి మాట ఉంది, మక్కు. చింతగింజల పిండి ఉడికించి, రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. తెల్లపొణికి చెక్కతో చెక్కిన బొమ్మకు చేతులు, తలపాగా అతకడానికీ అదే, సందులు పూడ్చి నునుపు చేయడానికీ అదే. ఆరాక సుద్ద పూత, ఆ పైన రంగులు. మీ ప్రైమర్ చేసే పనే ఆ సుద్దా చేస్తోంది.

పటమట:
మక్కు నాకు బాగా నచ్చింది, కాగితంలో రాసేస్తున్నాను. కోటింగ్ అన్న మాట మాత్రం తీసేసి "పూత" అని పెట్టాను. పూత అనగానే పల్చగా వేయాలని పిల్లలకు తోస్తుంది. ఇక్కడ అదే ముఖ్యం. అసలు కారు మీద రంగు పొరలన్నీ కలిపి 100 మైక్రాన్ల పైచిలుకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 1:24 లెక్కన మన కారుకు 4 మైక్రాన్లు రావాలి. అది ఎవరివల్లా కాదు గానీ, ఒకేసారి దట్టంగా కొడితే డోరు చుట్టూ ఉన్న గీతలు పూడుకుపోతాయి. అప్పుడది కారులా కాదు, సబ్బుబిళ్లలా ఉంటుంది. మూడు నాలుగు పల్చటి పూతలు, ఒకటి ఆరాక ఇంకొకటి. ఫినిషింగ్‌కు "తుది మెరుగులు" ఎలాగూ ఉంది. 2000 నంబరు పేపర్, రబ్బింగ్ కాంపౌండ్ పట్టేది ఆఖర్నే కాబట్టి ఆ మాట అక్షరాలా నిజం.

చివరి సందేహం. నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి జార్చి కారు మీద పెట్టే బొమ్మలు, నంబర్లు ఉంటాయి. సెట్టింగ్ ద్రావకం రాస్తే మెత్తబడి, గీతల్లోకి కూడా దిగి, రంగుతో వేసినట్టే కనిపిస్తాయి. ఇది అంటించడమా, అతికించడమా?

బ్రాడీపేట:
ఎంత దిగినా కారు కారే, బొమ్మ బొమ్మే. అంటించండి.

అరండల్‌పేట:
నేను ఒప్పుకోను. వేలికి తగలకపోతే అతికినట్టేనని ఆటోనగర్ తీర్పు ఇచ్చింది కదా!

ఆటోనగర్:
నన్ను మధ్యలోకి లాగకండి మేడమ్. పటమటన్నా, సెలవులంటున్నారు గానీ రెండు రోజులుగా ముసురు పట్టింది, చూసుకోండి. ఈ చెమ్మలో లాకర్ కొడితే థిన్నర్ ఆరేటప్పుడు పైన తేమ పట్టి రంగు పాలు పోసినట్టు తెల్లబారుతుంది. తెరిపిచ్చాక, ఎండ కాస్త ముదిరాక కొట్టించండి. అప్పటిదాకా పిల్లలతో అతుకులు రుద్దించండి.