చలివేంద్రంలో కుండలు పెట్టాలా, కూలింగ్ క్యాన్లు తెప్పించాలా?

కాకినాడ_కుర్రాడు:
మార్చి వస్తే ఈ తగువు తప్పదు. ప్లాస్టిక్ వద్దు, కుండలే పెట్టాలని ఒక జట్టు. కుండ నీళ్లు గోరువెచ్చగా ఉంటే ఎవరు తాగుతారు, 20 లీటర్ల కూలింగ్ క్యాన్లు తెప్పించండని ఇంకో జట్టు. వాటర్ ప్యాకెట్లు పంచేవాళ్ల సంగతి సరేసరి. నా ఓటు క్యాన్లకే. 2015 మేలో వడదెబ్బకి రెండు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా పోయారు. ముందు దాహం తీర్చండి, భూమి సంగతి తర్వాత.

మట్టిముంత:
కుండ చల్లబడకపోతే తప్పు కుండది కాదండీ, పెట్టినవాళ్లది. రంగులు, వార్నిషు పూసిన కుండ కొంటారు. రంధ్రాలు మూసుకుపోయి నీరు చెమర్చదు. చెమర్చని కుండ చల్లబడదు. 20 లీటర్ల నీళ్లు 10 డిగ్రీలు తగ్గాలంటే కనీసం మూడో వంతు లీటరు ఆవిరైపోవాలి మరి.

కొత్త కుండని ఒక రోజంతా నిండా నీళ్లతో నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. కుండ కింద నాలుగంగుళాల ఇసుక పోసి, ఆ ఇసుకని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తడపండి. సబ్బు తగలనివ్వొద్దు. బోరు నీళ్లయితే కుండ పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, దాన్ని కొబ్బరి పీచుతో రుద్దకపోతే నెల తిరక్కుండా కుండ పనికిరాకుండా పోతుంది. తాటాకు పందిరి పైకప్పు వరకే వేయండి. మూడు పక్కలా ఫ్లెక్సీలు కట్టేస్తే గాలాడదు. దాత బొమ్మ ఎంత పెద్దదైతే నీళ్లు అంత వెచ్చన!

అసలు దెబ్బ ఎక్కడ పడుతుందంటే, ఒంటిగంటకి కుండ ఖాళీ కాగానే ట్యాంకరు నీళ్లు నింపి అప్పుడే పోసేస్తారు. కుండ చల్లబడాలంటే ఐదారు గంటలు పడుతుంది. రాత్రి నింపినవి పొద్దున, తెల్లారి నింపినవి మధ్యాహ్నం వాడేలా రెండు వరసలు ఉండాలి.

కాకినాడ_కుర్రాడు:
ఇవన్నీ చేసినా మా వైపు చల్లబడవు గురూ.

తడిబల్బు:
ఇద్దరూ నిజమే చెప్తున్నారు. కుండ ఎంత బాగున్నా తడి బల్బు ఉష్ణోగ్రత కంటే, అంటే థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా ఉంచితే చూపించే డిగ్రీల కంటే, కిందికి దిగదు. రామగుండంలో 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుంటే ఆ హద్దు దాదాపు 24. కాకినాడలో 37 డిగ్రీలు, తేమ 65 శాతం అయితే 31. కుండ ఆ హద్దుకి రెండు మూడు డిగ్రీలు పైనే ఆగిపోతుంది. అంటే అక్కడ హాయిగా తాగే నీళ్లు, ఇక్కడ ఉసూరుమనే నీళ్లు. తెలంగాణలో, రాయలసీమలో కుండని కాదని క్యాన్ పెట్టడం దండగ. కోస్తాలో కుండ కోసం పట్టుబట్టడం మొండితనం.

ప్యాకెట్లు మాత్రం ఎక్కడా వద్దు. 2022 జులై 1 నుంచి నిషేధించిన జాబితాలో ప్లాస్టిక్ గ్లాసులు ఉన్నాయి, ప్యాకెట్లు లేవు, ఆ సందులోంచే వస్తున్నాయి. పేపరు గ్లాసు లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది.

పీహెచ్‌సీ_వీధి:
చల్లదనం గురించి ఇంత కొట్టుకుంటున్నారు, శుభ్రం మాట ఒక్కరూ ఎత్తలేదు. కుండలో చెంబు ముంచితే చెంబుతో పాటు వేళ్లూ మునుగుతాయి, విరేచనాలు మొదలయ్యేది అక్కడే. కొళాయి ఉన్న కుండ తీసుకోండి, లేదంటే పొడుగు పిడి గరిటె పెట్టండి. ట్యాంకు నీళ్లయితే 1,000 లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోసి గంట ఆగాలి. గాలి తగిలిన పౌడరుకి ఘాటు ఉండదు, పనీ చేయదు.

చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి మజ్జిగ ఉంటే మేలు. కలిపిన మూడు గంటల్లో అయిపోవాలి. ఓఆర్‌ఎస్ పొడిని కుండలో కలపొద్దు, బీపీ వాళ్లూ షుగరు వాళ్లూ తెలియక తాగేస్తారు. కావలసినవాళ్లకి ఒక ప్యాకెట్టు లీటరు నీళ్లలో విడిగా కలిపివ్వండి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏదీ పోయకండి. ఒళ్లు తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

అడ్డా_మేస్త్రి:
గ్లాసుకి గొలుసు కట్టి వెళ్లిపోతే ఏ నీళ్లు పెట్టినా ఒకటే అన్నా. పోసే మనిషి ఉండాలి. కూలోడు మొహమాటానికి ఒక గ్లాసుతో సరిపెట్టుకుంటడు. "ఇంకొంచెం తాగు బిడ్డా" అని పోస్తే మూడు తాగుతడు. దోసిట్లో పోస్తే గ్లాసే అక్కర్లేదు, కాకపోతే సిమెంటు చేతులు కడుక్కోను పక్కన ఒక బకెట్ పెట్టాలె. గుడి ముందర ఎట్లాగూ నీడ ఉంటది, కూలీల అడ్డా కాడ, ఆటో స్టాండు కాడ పెట్టున్రి. పదకొండు నుంచి నాలుగు దాకా పోసే మనిషి అక్కడి నుంచి కదలొద్దు.

కాకినాడ_కుర్రాడు:
సరే, కోస్తాకి కుండలు కాకపోతే మరేంటి, క్యాన్లేనా?

తడిబల్బు:
కొళాయి ఉన్న స్టీలు థర్మోస్ డ్రమ్ము. 40 లీటర్ల నీళ్లు 34 నుంచి 24కి దిగాలంటే నాలుగు కిలోల పైచిలుకు ఐసు చాలు. చేపలకి వాడే ఐసు గడ్డ మాత్రం వేయకండి, అది తాగే నీళ్లతో చేసింది కాదు.

మట్టిముంత:
ఆ ఐసుకీ కరెంటు కాలాల్సిందేగా! కోస్తాలో కూడా పొద్దున పదింటి దాకా కుండే చాలు, ఐసు ఆ తర్వాత వేసుకోండి.